బుజ్జి బండికీ క్లచ్చుంది!

పిల్లల డర్ట్ బైకుల్లో చిన్నవాటికి చాలావరకు క్లచ్ లీవరు ఉండదు. దాంతో అసలు క్లచ్చే లేదనుకుంటారు నాన్నలు. ఉంది. 1972లో వచ్చిన లూనాలో, 1980 నాటి టీవీఎస్ 50లో ఉన్నలాంటిదే. అన్నోజిగూడ నుంచి ఉప్పల్ దాకా వరంగల్ రోడ్డులో మోపెడ్లు విప్పిన ఏ పాత మెకానిక్కునడిగినా చెబుతాడు.

ఇంజిన్ వేగం పెరిగితే లోపలి షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, బండి కదులుతుంది. రేజ్ తగ్గిస్తే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేస్తాయి. ఆ స్ప్రింగు సాగినా, తెగినా రేజ్ వదిలాక కూడా బండి పోతూనే ఉంటుంది. ఆరేళ్ల పిల్లాడికి బ్రేకు గుర్తొచ్చేలోగా ఎదురుగా గోడ!

అందుకే వారానికోసారి పెద్దవాళ్లే బండిని స్టాండు మీద స్టార్ట్ చేసి చూడాలి. వెనక చక్రం తిరుగుతుంటే బ్రేకు మెల్లగా నొక్కి వదలండి. ఆగిపోతే ఫరవాలేదు. మళ్లీ జోరందుకుంటే కార్బురేటర్ దగ్గర స్లో స్క్రూ తగ్గించండి. అప్పటికీ ఆగదా? స్ప్రింగులు మార్పించాల్సిందే, అన్నీ ఒకేసారి.

ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోతే షూలు అరిగి ఉండొచ్చు, జిడ్డు తగిలి ఉండొచ్చు. చవక 49 సీసీ బళ్లలో క్లచ్ పొడిగా పనిచేస్తుంది, షూలకు గ్రీజు తగలనివ్వొద్దు. యమహా పీడబ్ల్యూ 50లో మాత్రం అది నూనెలోనే ఉంటుంది. బ్రేకు పట్టుకుని రేజ్ ఇవ్వడం పిల్లలకు మహా సరదా, క్లచ్చును కాల్చేసేది అదే.

నడపడం మాత్రం ఖాళీ స్థలంలోనే. పిల్లాడు రోడ్డెక్కి నేరం చేస్తే, 2019 చట్ట సవరణ ప్రకారం పెద్దలకు పాతికవేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.