క్రూయిజర్ కొంటున్నారా? నడుమునూ అడగండి!

నలభై దాటాయి. పిల్లల చదువులు ఓ కొలిక్కి వచ్చాయి. ఎప్పటి నుంచో ఊరిస్తున్న క్రూయిజర్ బండి ఇప్పుడైనా కొనాలనుకుంటున్నారు. ధర, మైలేజీ, రంగు.. అన్నీ చూశారు. మరి నడుము సంగతి? కాళ్లు ముందుకు చాపి, వెనక్కి వాలి దర్జాగా కూర్చుంటే నడుముకు హాయి అని చాలామంది అనుకుంటారు. అది అందరి విషయంలో నిజం కాదు. ముఖ్యంగా ఇప్పటికే నడుము నొప్పి ఉన్నవారు కొనేముందు కాస్త ఆలోచించాలి.

కాళ్లు ఎక్కడ పెడుతున్నారు?

క్రూయిజర్లన్నీ ఒకేలా ఉండవు. ఫుట్‌రెస్టులు బాగా ముందుకు ఉంటే మోకాళ్లు పెద్దగా మడవక్కర్లేదు. పొడగరులకు, మోకాళ్లు పట్టేసేవారికి ఇది సుఖం. కానీ ఒంటి బరువంతా పిరుదులు, తోక ఎముక మీదే పడుతుంది. నడుము దగ్గర ఉండాల్సిన సహజమైన ఒంపు తగ్గి, వెన్నుపూసల మధ్య డిస్కులపై ఒత్తిడి పెరుగుతుంది. గుంత వచ్చినప్పుడు కాళ్లు ఊతంగా కాస్త పైకి లేవటమూ కష్టమే. ఆ కుదుపు నేరుగా వెన్నుకు తగులుతుంది.

ఫుట్‌రెస్టులు మరీ ముందుకు లేకుండా, నిటారుగా కూర్చునే తరహా బండ్లలో బరువును కాళ్లు కూడా పంచుకుంటాయి. గతుకుల దారుల్లో రోజూ తిరిగేవారికి ఇవే నయం.

ఎత్తు, పొడవు చూడండి

బజాజ్ అవెంజర్ క్రూయిజ్ సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350ది 765, నిటారుగా కూర్చునే క్లాసిక్ 350ది 805. ఎత్తు తక్కువగా ఉన్నవారికి సీటు కిందికి ఉంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనతాయి. సిగ్నల్ దగ్గర బండి ఒరిగినా నిలబెట్టుకోవచ్చు. మీటియర్ బరువు సుమారు 190 కిలోలు. మునివేళ్ల మీద నిలబడి అంత బరువును ఆపబోతే నడుము పట్టేయొచ్చు.

రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువైతే బండి హైవే మీద నిలకడగా సాగుతుంది. అదే ఇరుకు సందులో వెనక్కి తిప్పాలంటే ఎక్కువ చోటు, భుజబలం కావాలి. మీ ప్రయాణాలు ఎక్కువగా ఎక్కడో ముందు తేల్చుకోండి.

హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. చేతులు పూర్తిగా చాచాల్సి వచ్చినా, భుజాల కన్నా పైకి ఎత్తాల్సి వచ్చినా మెడ, భుజాల నొప్పులు ఖాయం.

ఇలా పరీక్షించండి

* షోరూమ్ చుట్టూ ఒక్క రౌండుతో సరిపెట్టకండి. కనీసం అరగంట నడిపి చూడండి. గతుకులు, స్పీడ్ బ్రేకర్లు, యూటర్న్ అన్నీ ఉండేలా చూసుకోండి.
* ఇంజిన్ ఆపి, బండిని చేత్తో వెనక్కి నెట్టి చూడండి. పార్కింగ్‌లో రోజూ చేయాల్సిన పని ఇదే.
* ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లండి. కొన్ని క్రూయిజర్లలో వెనక సీటు చిన్నది. ఇబ్బంది ఏమిటో కూర్చున్నవారే చెప్పగలరు.
* ఇద్దరు ఎక్కేటప్పుడు వెనక షాక్ అబ్జార్బర్లను ఆ బరువుకు తగ్గట్టు మెకానిక్‌తో సర్దించుకోండి.

కొన్నాక..

వెనక జేబులో పర్సు పెట్టుకొని నడపొద్దు. కూర్చునే తీరు ఒక పక్కకు ఒరుగుతుంది. దూర ప్రయాణాల్లో గంటకోసారి ఆగి నాలుగడుగులు నడవండి. ఇద్దరూ హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోండి.

నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా బండి పక్కనపెట్టి డాక్టరును కలవండి. కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పటికే డిస్కు సమస్యకు చికిత్స తీసుకుంటున్నవారైతే అడ్వాన్సు కట్టకముందే డాక్టరును అడగటం మేలు. కావాలంటే బండి మార్చుకోవచ్చు, వెన్నెముకను మార్చుకోలేం కదా!