మేకులు లెక్కపెట్టే మనిషి

గాలివానలో గొడుగు పట్టుకుని నడిచినవారికి ఒక సంగతి తెలుసు. గాలి గొడుగును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. పట్టు కాస్త సడలిందా, గొడుగు తిరగబడి ఊరుకుంటుంది. ఇంటి కప్పు కూడా పెద్ద గొడుగు వంటిదే. కావలిస్తే ఇప్పుడే చూడండి. సన్నని కాగితం ముక్క ఒకటి తీసుకుని, దాని అంచు కింది పెదవికి ఆనించి, కాగితం మీదుగా గట్టిగా ఊదండి. వేలాడుతున్న కాగితం లేచి నిలుస్తుంది. కాగితం పైవైపున ఒత్తిడి తగ్గుతుంది; కిందనున్న గాలి పైకి నెడుతుంది. తుఫానులో కప్పుకు జరిగేదీ అదే. ఇక కిటికీ ఒక్కటి పగిలిందంటే, గాలి లోపల జొరబడి కప్పును లోపలినుంచి కూడా తంతుంది.

అందుచేత చెక్కతో కట్టిన తేలిక కప్పును నిలిపేది దాని బరువు కాదు, మేకులు. ఈ సంగతి అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంవారికి 1992లో బాగా తెలిసివచ్చింది.

మనం తుఫాను అనేదాన్నే అక్కడివారు హరికేన్ అంటారు. ఆ ఏడు ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున ఆండ్రూ అనే హరికేన్ మయామీ నగరానికి దక్షిణంగా తీరం దాటింది. గాలి వేగం గంటకు 165 మైళ్ళు. ఆ ఒక్క జిల్లాలోనే 25 వేలకు పైగా ఇళ్ళు కూలిపోయాయి, మరో లక్ష దెబ్బతిన్నాయి.

ఇందులో విడ్డూరమేమిటంటే, ఇల్లు ఎలా కట్టాలో చెప్పే నిబంధనల పుస్తకం అక్కడ లేకపోలేదు. పైగా అది చాలా కట్టుదిట్టమైనదని పేరు కూడాను! మరి ఇళ్ళెందుకు కూలాయి? నిపుణులు శిథిలాలను తిరగేసి చూశారు. కప్పు చెక్కలను వాసాలకు బిగించవలసిన ఇనప ముళ్ళు ఎన్నోచోట్ల వాసానికి తగలనేలేదు. పక్కనుంచి దిగి, ఉత్త గాలిలో వేలాడుతున్నాయి. పనివాడు తొందరలో కొట్టుకుంటూ పోయాడు. పైన కప్పేశాక ఇంక ఎవరికి కనబడుతుంది? చూడవలసినవాడు ఇన్‌స్పెక్టరు. కాని ఇన్‌స్పెక్టర్లు కొద్దిమంది, లేచే ఇళ్ళు బోలెడు. ప్రతి కప్పూ ఎక్కి చూడటం వారివల్ల కాలేదు.

అక్కడే, బీదవారికోసం స్వచ్ఛందంగా వచ్చినవారు కట్టిన ఇళ్ళు మాత్రం గట్టిగా నిలిచాయి. వాళ్ళు వడ్రంగులు కారు. ఎన్ని మేకులు కొట్టాలో సరిగా తెలియక, రెండు చాలినచోట పది కొట్టారని తరవాత జనం చెప్పుకున్నారు.

ఆండ్రూ తరవాత నిబంధనలు ఇంకా బిగిశాయి. మయామీలో కిటికీలకు పెట్టే పరీక్ష ఒకటి మీరు చూసి తీరవలసినదే. తొమ్మిది పౌన్ల కొయ్యమొద్దును ఫిరంగివంటి గొట్టంలోంచి, సెకండుకు 50 అడుగుల వేగంతో కిటికీమీదికి వదులుతారు. అద్దం బీటలు వారినా ఫరవాలేదు, కొయ్య మాత్రం లోపలికి దూరకూడదు. చూసేవారికి వేడుక, కిటికీ తయారుచేసినవారికి గుండెదడ! 2002 మార్చి 1 నుంచి ఫ్లోరిడా అంతటికీ ఒకే నిబంధనావళి అమలులోకి వచ్చింది.

అన్ని రాష్ట్రాలూ ఇదే పని ఎందుకు చేయవని మీరు అడగవచ్చు. అమెరికాలో ఇళ్ళ నిబంధనలు నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది కాదు, రాష్ట్రాలదీ, ఊళ్ళదీ. కేంద్రం ఆజ్ఞాపించలేదు. పైగా ఖర్చు ఒకటి. కొత్త పుస్తకం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. ప్లాను చదవగల మనిషి కావాలి, కప్పెక్కి చూసే మనిషి కావాలి, వారికి శిక్షణ కావాలి, నెల తిరిగేసరికి జీతం కావాలి. చిన్న ఊరు ఇదంతా ఎక్కడినుంచి తెస్తుంది?

అందుకే కేంద్రం గ్రాంటులివ్వసాగింది. 2018లో చేసిన చట్టం ప్రకారం, పెద్ద విపత్తు ప్రకటించిన ప్రాంతాలలో ఇన్‌స్పెక్టర్ల ఖర్చుకు 180 రోజులదాకా సాయం అందుతుంది. అది చాలా తెలివైన పని. ఎందుకంటే తుఫాను వెలిశాక ఊరంతా ఒక్కసారే ఇళ్ళు కట్టుకోజూస్తుంది. తప్పులు దొర్లేదీ అప్పుడే. మరొక పథకం తుఫానుకు ముందే సాయపడేందుకు 2020లో మొదలైంది. దానిలో మామూలుగా ముప్పావలా కేంద్రానిదైతే పావలా ఆ ఊరిది. మరీ చిన్న, పేద ఊళ్ళయితే కేంద్రం నూటికి తొంభై దాకా భరించేది. 2022లో నిబంధనల పనికోసమే ఒక్కొక్క రాష్ట్రానికి 20 లక్షల డాలర్లు వేరుగా కేటాయించారు.

ఇది దుబారా అనేవారు లేకపోలేదు. అయితే కొత్త నిబంధనలు పాటించడానికి ఒక డాలరు ఖర్చయితే, ముందు ముందు 11 డాలర్ల నష్టం తప్పుతుందని ఆ దేశపు కట్టడ విజ్ఞాన సంస్థ 2019లో లెక్కగట్టింది. అయినా 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ రెండో పథకాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. జూలైలో 20 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. నాకు తోచినంతవరకు, ఆ రాష్ట్రాలు పోట్లాడింది డబ్బుకోసం మాత్రమే కాదు. కప్పెక్కి చూసే ఆ ఒక్క మనిషి కోసం కూడా.

మీ వీధిలో ఎక్కడైనా రేకుల కప్పు వేస్తూంటే, కాస్త దూరంగా నిలబడి చూడండి. రేకులను బిగించే బోల్టులు లెక్కపెట్టండి. గాలి ఎక్కువగా లాగేది కప్పు అంచులను, మూలలను. అక్కడ బోల్టులు మధ్యలోకన్న దగ్గరదగ్గరగా ఉన్నాయా? లేకపోతే ఎందుకని మేస్త్రీగారిని అడగండి. ఆయన కసురుకుంటే మాత్రం మెల్లిగా పక్కకు తప్పుకుని, ఇంటికి వెళ్ళి మీ నాన్నగారితో చెప్పండి.