కళ్ళు చూసేవారికి వంతెన

నగరాలలో కంటి ఆసుపత్రికి వెళితే, అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి “ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?” అని ఓపికగా అడిగే మనిషి ఒకరుంటారు. చాలాసార్లు ఆయన డాక్టరు కారు, ఆప్టోమెట్రిస్టు. మన దేశంలో అది నాలుగేళ్ళ చదువు. ఆఖరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణ.

ఆయనే కెనడా వెళ్ళారనుకోండి. అక్కడ ఈ విద్య నేర్పే కళాశాలలు రెండే: వాటర్లూలో ఇంగ్లీషున, మాంట్రియల్‌లో ఫ్రెంచిన. అక్కడ చదివినవారు అద్దాలే కాక కంటిజబ్బులకు మందులూ రాస్తారు. మనవారికి అద్దాల లెక్కలో ఎవరూ సాటి రాకపోవచ్చు గాని, మందు చీటీ రాసే అలవాటు లేదు. పేచీ అంతా అక్కడే.

మళ్ళీ మొదటినుంచి చదవమంటే ఇల్లు గడిచేదెట్లా? అందుకని వాటర్లూ యూనివర్సిటీవారు వంతెన చదువొకటి నడిపారు. వచ్చినవారికి తెలిసిందేమిటో ముందు పరీక్షించి, తెలియనిది చెప్పటం దాని పద్ధతి. కొందరికి కొద్ది వారాలు చాలేవి. కొందరికి ఏడాది పట్టేది.

ఆపైన, అక్కడి విద్యార్థులతోపాటు పరీక్ష: రాతపరీక్ష ఒకటి, మనిషిని ఎదుట కూర్చోబెట్టి ఒకటి. రెండవదే గడ్డు. ఇక్కడ “ఈ జోడు పెట్టుకో” అంటే రోగి తలాడిస్తాడు. అక్కడ ఎందుకో చెప్పి, అతని సందేహాలు తీర్చాలి. మాట తీరుకూ మార్కులే! (ఈ పాఠం మన కళాశాలల్లోనూ పెడితే నేను సంతోషిస్తాను.) పదేళ్ళ అనుభవమున్నవారు అక్కడ తడబడితే నవ్వరాదు. పగలంతా దుకాణంలో ఫ్రేములమ్మి, రాత్రి వంటింటి బల్లమీద మందుల పుస్తకం తెరిచేవారు వారు.

నెగ్గాక కూడా, పని చేయదలచిన రాష్ట్రంవారి లైసెన్సు వేరే తెచ్చుకోవాలి.