క్లిప్పులు తీశాక తెల్లమచ్చలా? తొందరపడకండి!

ఎత్తుపళ్లకో వంకరపళ్లకో క్లిప్పులు వేయించడం ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ మామూలే. ఏడాదిన్నరో రెండేళ్లో ఆ తీగలతో తంటాలు పడిన పిల్లలు, అవి విప్పే రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. తీరా విప్పాక పలువరస ముచ్చటగా కుదురుతుంది గానీ, కొందరికి క్లిప్పు అతికించిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అక్కడ మొదలవుతుంది ఇంట్లో రాద్ధాంతం.

మా ఆడపడుచు కూతురి విషయంలో అదే జరిగింది. ఇంటర్ చదివే పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం మానేసింది. "ఇన్ని వేలు పోసింది ఈ మచ్చల కోసమా? సరిగ్గా తోముకుంటేగా!" అని వాళ్లమ్మ సాధింపు. ఒక డాక్టరేమో ముందు ఆరు పళ్లూ అరగదీసి తొడుగులు వేస్తే సరి అన్నారట. "ఏం చేయమంటావు అత్తా?" అని అడిగింది. "అరగదీసిన పన్ను మళ్లీ రాదు కదమ్మా, ఇంకొకరికి చూపిద్దాం" అని వేరే ఆర్థోడాంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మరక కాదు, మొదటి మెట్టు

ఆ తెలుపు బయటినుంచి అంటిన మరక కాదు. పిప్పిపన్నుకు మొదటి మెట్టు. క్లిప్పుల చుట్టూ బ్రష్ సరిగా అందదు. అక్కడ పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లానికి ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోయి, పైపొర కింద కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు పడతాయి. వెలుగు అక్కడ చెదిరి, ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. ఇందుకు నెల రోజులు చాలు. కాబట్టి పిల్లను ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

అయితే గుంట పడనంతవరకూ దీన్ని ఆపవచ్చు, కొంతవరకు వెనక్కీ మళ్లించవచ్చు. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు గనుక కొత్త పొర పుట్టదు. కానీ లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు మళ్లీ ఆ రంధ్రాల్లోకి చేరతాయి. అందుకే క్లిప్పులు పోయి పళ్లు శుభ్రపడ్డాక, తొలి నెలల్లో చాలా మచ్చలు కొంత పల్చబడతాయి.

ఇంట్లో ఏం చేయాలి?

రోజూ రెండుసార్లు ఫ్లోరైడు పేస్టుతో తోమాలి. రాత్రి తోమాక నురగ ఉమ్మేయాలి గానీ చెంబెడు నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడు కొట్టుకుపోతుంది. బిస్కెట్లు, చక్కెర టీలు గంటగంటకీ వద్దు. తిన్న ప్రతిసారీ కాసేపు నోట్లో ఆమ్లం పుడుతుంది మరి. నిమ్మచెక్క, ఉప్పు, బొగ్గుపొడి రుద్దే చిట్కాలు బొత్తిగా పనికిరావు. నిమ్మరసమూ ఆమ్లమే!

పాలలోని కేసీన్ నుంచి తీసిన సీపీపీ-ఏసీపీ క్రీము కూడా దొరుకుతుంది. మామూలు పేస్టుకన్నా అది ఎంత మేలన్న దానిపై అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. పాల ప్రొటీను పడనివాళ్లు దాన్ని వాడకూడదు. గాఢమైన ఫ్లోరైడు పూతలు మాత్రం సొంతంగా వద్దు. పైపొర ఒక్కటే గట్టిపడి లోపలి తెలుపు అలాగే నిలిచిపోవచ్చని, ముందుపళ్లకు వాటిని వెంటనే వేయడానికి చాలామంది డాక్టర్లు వెనకాడతారు.

నూనె పడిన కాగితంలా

నెలలు గడిచినా మిగిలిన మచ్చలకు డ్రిల్లింగు లేని వైద్యం ఉంది. జర్మనీలో రూపొందిన ఈ పద్ధతి 2009లో వాడకంలోకి వచ్చింది. పంటి పైపొరను ప్రత్యేకమైన ఆమ్లంతో తెరిచి, నీళ్లలాంటి పల్చటి రెసిన్‌ను ఆ రంధ్రాల్లోకి ఇంకనిచ్చి, వెలుగుతో గట్టిపరుస్తారు. పకోడీలు వార్చిన కాగితం చూడండి, నూనె ఇంకిన చోట తెలుపు పోయి అవతలిది కనిపిస్తుంది. ఇదీ అలాంటిదే. మా పిల్లకు నాలుగు నెలల్లో చాలా మచ్చలు పల్చబడ్డాయి. రెండు పళ్లకే రెసిన్ పెట్టారు. తొడుగుల మాటే రాలేదు.

మచ్చలన్నీ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్లవల్ల పళ్ల మీద తెల్లచారలు వస్తాయి. అవి సాధారణంగా కుడిఎడమల ఒకేలా, క్లిప్పులు వేయకముందు నుంచే ఉంటాయి. చికిత్సకు ముందు డాక్టరు తీసిన ఫొటోలు అడిగి, పోల్చి చూడమనండి.

ఇంకా క్లిప్పులతోనే ఉన్న పిల్లలుంటే, నెలనెలా తీగ బిగించే రోజున వరస ఎంత కుదిరిందని మాత్రమే అడిగి వచ్చేయకండి. "తెల్లమచ్చలేమైనా మొదలవుతున్నాయా?" అని కూడా అడగండి. డాక్టరు గాలి ఊది పన్ను ఆరబెట్టి చూస్తే, మన కంటికి ఆననివీ బయటపడతాయి.