అమ్మమ్మ, తాతయ్యలతో కెన్నీవుడ్‌లో ఒక రోజు

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే మన ఇళ్ళన్నిటిలోనూ దాదాపు ఒకటే ప్రయాణం. నయాగరా, న్యూయార్కు, వాషింగ్టన్, మధ్యలో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని, కారెక్కి ఇంటిదారి పట్టేస్తాము. ఆ గుడి ఉన్న పెన్‌హిల్స్‌కు సుమారు అరగంట దూరంలో, వెస్ట్ మిఫ్లిన్ అనే ఊళ్ళో, వందేళ్ళు దాటిన పార్కు ఒకటి ఉందని మనలో చాలామందికి తెలియదు. దాని పేరు కెన్నీవుడ్. మా పిల్లలతో, వాళ్ళ అమ్మమ్మ తాతయ్యలతో కలిసి మేము అక్కడ ఒక రోజంతా తీరిగ్గా గడిపాము. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి పనికొస్తుందని ఆ పార్కు సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

ట్రాము కంపెనీ పెట్టిన పార్కు

కెన్నీవుడ్‌ను 1898లో మనాంగహేలా స్ట్రీట్ రైల్వే కంపెనీ మొదలుపెట్టింది. ట్రాములు నడిపేవాళ్ళకు పార్కు ఎందుకు? వారమంతా పనికి వెళ్ళే జనంతో ట్రాములు నిండేవి. ఆదివారం వస్తే ఖాళీ! అందుకని లైను చివర చెట్ల నీడలో ఒక పార్కు కట్టి, సెలవు రోజున కూడా జనం ట్రాము ఎక్కేలా చేశారు. ఇలాంటివాటిని 'ట్రాలీ పార్కులు' అంటారు. అప్పట్లో ఇవి అమెరికాలో వందల కొద్దీ ఉండేవి. కార్లు వచ్చి ట్రాములు పోయాక చాలావరకు మూతపడ్డాయి. నిలిచిన కొద్దింటిలో కెన్నీవుడ్ ఒకటి. 1987లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు.

పార్కు నుంచి చూస్తే నదికి ఆవలి ఒడ్డున పొగగొట్టాలు కనిపిస్తాయి. అది 1875లో ఆండ్రూ కార్నెగీ ప్రారంభించిన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం. ఇప్పటికీ పనిచేస్తోంది. యూరప్ దేశాల నుంచి వలస వచ్చి ఇలాంటి మిల్లుల్లో పనిచేసినవారి కుటుంబాలు సెలవు దొరికితే ఈ పార్కుకే వచ్చేవి. స్లోవాక్‌లు, ఇటాలియన్లు తమ తమ 'రోజులు' ఇక్కడ పండుగలా జరుపుకునేవారు. మనం ఉగాదికి హాలు అద్దెకు తీసుకున్నట్టే అన్నమాట! విశాఖ ఉక్కు కర్మాగారం చూసిన తాతయ్య ఆ గట్టు మీద నిలబడి పిల్లలకు చాలాసేపు కబుర్లు చెప్పారు.

రంగులరాట్నం

ఇక్కడి రంగులరాట్నాన్ని డెంట్జెల్ అనే ప్రసిద్ధ కళాకారుల కుటుంబం తయారుచేసింది. ఇది 1927లో పార్కుకు వచ్చింది. చెక్కతో చెక్కిన గుర్రాల మధ్య ఒక సింహం, ఒక పులి కూడా ఉన్నాయి. గుర్రం ఎక్కలేని పెద్దవాళ్ళు కూర్చోవడానికి రథాల్లాంటి బల్లలున్నాయి. అమ్మమ్మ అక్కడే కూర్చుని మూడుసార్లు తిరిగారు! తిరుగుతూ తమ ఊరి తిరునాళ్ళ గురించీ, 1938లో మొదలైన హైదరాబాదు నుమాయిష్‌లో తప్పిపోయిన చెల్లెలి గురించీ చెప్పారు. ఆ కథ మేమూ అదే వినడం.

జాక్ రాబిట్ ఎలా పరుగెత్తుతుంది?

1920లో కట్టిన ఈ చెక్క కోస్టర్‌కు ఇంజను లేదు. గొలుసు ఒకటి బండిని ఎత్తుకు లాగి వదిలేస్తుంది. ఆపైన అంతా భూమ్యాకర్షణ పనే. పేరుపొందిన 70 అడుగుల దిగుడు మధ్యలో ఒక మెట్టులా విరుగుతుంది. అక్కడ పట్టా ఒక్కసారిగా కిందికి వంగుతుంది, మన ఒళ్ళు మాత్రం జడత్వం వల్ల ముందుకే పోవాలని చూస్తుంది. అందుకే సీటు నుంచి లేచినట్టుంటుంది. మరి బండి ఎగిరిపోదా? పోదు. దీన్ని రూపొందించిన జాన్ మిల్లర్ పట్టా కింద కూడా చక్రాలు అమర్చే పద్ధతి కనిపెట్టాడు. పట్టాను అవి కింది నుంచి పట్టుకుని ఉంటాయి.

పక్కనే 1927 నాటి 'రేసర్' ఉంది. రెండు బళ్ళు పోటీ పడతాయి. రెండు పట్టాలు అనుకుంటాము గానీ, నిజానికి అది ఒకటే పొడవాటి పట్టా. ఎడమ వైపు బయల్దేరిన బండి కుడి వైపుకు చేరుతుంది!

ఇదంతా తాతయ్యకు చెప్పాలని మా పెద్దవాడు తెలుగులో మొదలుపెట్టి, రెండు వాక్యాలకే మాటలు దొరక్క ఆగిపోయాడు. తెలుగు మీడియంలో చదివిన తాతయ్య అందుకున్నారు: "ఎత్తులో ఉన్నప్పుడు ఉండేది స్థితిశక్తి, పరుగెత్తేటప్పుడు గతిశక్తి. చక్రం తిరిగేది ఇరుసు మీద." వాడికి శాస్త్రం తెలుసు, ఆయనకు మాటలు తెలుసు. ఆ బెంచీ మీద అరగంటలో వాడు నేర్చుకున్న తెలుగు మేము ఇంట్లో నెలరోజులు చెప్పినా వచ్చేది కాదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

వీలైతే శనాదివారాలు కాకుండా మామూలు రోజున వెళ్ళండి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ప్రతి రైడు దగ్గర ఉన్న హెచ్చరిక బోర్డు చదివి ఎక్కాలి. మందులు, టోపీ, మంచినీళ్ళు మరవకండి. బయటి భోజనం గురించిన నియమాలు ముందే కనుక్కోండి. 'పొటాటో ప్యాచ్' ఫ్రైస్ అమ్మమ్మలకు కూడా నచ్చుతాయి, కాస్త కారప్పొడి వెంట ఉంటే మరీ మంచిది! అన్నీ ఎక్కాలని పరుగులు పెట్టకండి. నాలుగు రైడ్లు, నలభై కబుర్లు చాలు.

పెద్దవాళ్ళు సాధారణంగా ఉండేది ఆరు నెలలు. అందులో మనం ఆఫీసుల్లో, పిల్లలు స్కూళ్ళలో ఉండగా వాళ్ళు కిటికీ దగ్గర గడిపే రోజులే ఎక్కువ. చూపించాల్సిన ఊళ్ళ పట్టిక కాస్త తగ్గినా ఫరవాలేదు, తీరిగ్గా కలిసి కూర్చునే రోజు ఒకటైనా ఉండాలి.

పిల్లలూ! ఈసారి అమ్మమ్మా తాతయ్యా, నాయనమ్మా తాతయ్యా ఎవరు వచ్చినా మీరే గైడుగా ఉండి, ఒక రైడు ఎలా పనిచేస్తుందో వాళ్ళకు తెలుగులో చెప్పండి. మాట దొరకకపోతే సిగ్గుపడకుండా అడగండి. వాళ్ళు ఇచ్చిన ప్రతి కొత్త మాటా నోటుబుక్కులో రాసుకుని మన తరగతికి తీసుకురండి.