రెండు శాతం సరే, బోర్డులో ఎవరున్నారు?

కంపెనీ వార్షిక నివేదికలో సామాజిక బాధ్యత పేజీ ఒకటి, డైరెక్టర్ల పేజీ ఇంకొకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలంటాం మేం.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. చట్టం ఇచ్చిన జాబితాలోంచి దేనికి పెట్టాలో తేల్చేది బోర్డు. వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులపై 2012లో ఈపీడబ్ల్యూలో వచ్చిన అధ్యయనం చూడండి: డైరెక్టర్లలో అగ్రకులాలవాళ్లు దాదాపు 93 శాతం, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఇంటిపేర్లను బట్టి వేసిన లెక్క కాబట్టి కొంత అటూఇటూ కావచ్చు. కానీ ఎంత అటూఇటూ అయితే ఈ తేడా చెరిగిపోతుంది?

ఇంకో మెలిక ఉంది. సొంత ఉద్యోగులకు మేలు చేసే ఖర్చు ఈ 2 శాతం కిందికి రాదు. అంటే దళితవాడలో బడికి రంగులేస్తే లెక్కలోకి వస్తుంది, అదే వాడ పిల్లకు ఉద్యోగమిస్తే రాదు.

వర్ణవివక్ష పాలన నుంచి బయటపడ్డ దక్షిణాఫ్రికా 2003లో చట్టం తెచ్చి, యాజమాన్యంలో, మేనేజ్‌మెంట్‌లో నల్లజాతీయుల వాటాకు మార్కులు పెట్టింది. పేరుకు మనుషుల్ని కూర్చోబెట్టే మోసాలు జరిగితే, 2013 సవరణతో దాన్ని నేరం చేసింది. మన సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలను అడిగే బాధ్యతా నివేదికలో ఉద్యోగుల లింగం, వైకల్యం వివరాలున్నాయి. కులం కాలమ్ లేదు. మేం ముందుగా అడగాల్సింది ఆ కాలమ్‌నే.