గడువు దొరకని బాకీ

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఖానాపూర్, నిర్మల్ ప్రాంతముల పల్లెలలో ‘దుబాయి’ అనునది ఒక్క నగరము పేరు కాదు. మస్కటుకు పోయినవాడును, కువైటుకు పోయినవాడును, సౌదీ ఎడారిలో గొఱ్ఱెలను కాయువాడును ఊరివారి మాటలో ‘దుబాయి పోయిండు’ అనియే. భూగోళ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు పర్షియా సింధుశాఖను పటముపై చూపబోయినచో, అచ్చటి రేవుల పేర్లు తరగతిలో ఇద్దరు ముగ్గురు బాలురకు ముందే తెలిసియుండును. వారి తండ్రులు అచ్చట నున్నారు.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి ఈ వలస 1970 తరువాతి దశాబ్దములో ఊపందుకొన్నది. 1973 లో చమురు ధర పెరిగి అరబ్బు దేశములకు ధనము వెల్లువెత్తగా, కట్టడములకు కూలీలు కావలసివచ్చిరి. ఇచ్చట వాననే నమ్ముకొన్న మెట్టచేలు. భీవండి, షోలాపూర్ మగ్గముల కడకు పోవుట అలవాటైన నేత కుటుంబములు. బొంబాయి దారి ఎరిగినవారికి సముద్రము దాటుట అసాధ్యముగా తోచలేదు. కాని అందుకు రొక్కము కావలెను. ఏజెంటుకు, వీసాకు, విమానమునకు అయ్యెడి ఖర్చును నూటికి నెలకు రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చుట పరిపాటి అయినది. ఏజెంటు రుసుమునకు హద్దు విధించు చట్టము 1983 నుండి కలదు. ఆ హద్దు ఆచరణలో ఎంతవరకు నిలిచినదో ఊరిలో అందరును ఎరుగుదురు. పోయినవాడు ఎడారిలో అడుగు పెట్టక మునుపే అతని అప్పు పెరుగనారంభించును.

ఈ చిన్న అప్పునకును, రాజ్యముల పెద్ద అప్పులకును నడుమ గల ముడి తొలుత 1990 లో బయటపడినది. ఎనిమిదేండ్లు ఇరానుతో పోరాడిన ఇరాకు అప్పులలో మునిగియుండెను. తన బాకీలను రద్దు చేయుమని అది కువైటును కోరెను. చమురు అధికముగా తీసి ధర పడగొట్టుచున్నారని నిందించెను. కువైటు సమ్మతింపలేదు. ఆగస్టు 2 న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. బాకీ తగవు యుద్ధమై, అచ్చటి మన కూలీలు రాత్రికి రాత్రి నిరాశ్రయులైరి. విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాదుకు పోయి సద్దాం హుస్సేనును కలిసికొనెను. ఆయనను కౌగిలించుకొన్నందుకు గుజ్రాల్ లోకము నోట పడెను గాని, ఆ దేశములలో చిక్కుకొన్నవారు లక్షకు పైబడియున్నారన్న మాట విమర్శకులు తలపునకు తెచ్చుకొనలేదు. జోర్డాను రాజధాని అమ్మాను నుండి విమానములపై విమానములు నడపి మన ప్రభుత్వము వారిని తెచ్చెను.

మనుష్యులు తిరిగివచ్చిరి, వారు పంపు డబ్బు నిలిచెను, చమురు ధర పెరిగెను. ప్రభుత్వపు లోటు, విదేశీ ఋణములు అంతకు పూర్వమే దేశమును క్రుంగదీసియుండగా, ఈ దెబ్బతో విదేశ మారక నిధి అడుగంటెను. 1991 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి అప్పు వచ్చెను. ఆ నెలలోనే అమెరికా యుద్ధవిమానములు మన విమానాశ్రయములలో ఇంధనము నింపుకొనుటకు అనుమతి దొరకినది. పార్లమెంటు పక్షముల నిరసనతో ఫిబ్రవరిలో అది ఆగినది. ఈ రెంటికిని సంబంధ మెంతయో వాదములు నేటికిని కలవు. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను బ్యాంకులకు కుదువబెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చెను. వీసా ఖర్చునకై పుస్తెలు కుదువబెట్టిన ఇల్లాండ్రకు ఈ వార్తను విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను.

రెండవ కథ దుబాయిదే. అచ్చట చమురు స్వల్పము. ఐక్య అరబ్బు ఎమిరేట్ల చమురులో మిక్కిలి భాగము పొరుగుననున్న అబూదాబిది. దుబాయి అప్పు తెచ్చి సముద్రములో దీవులు పోసెను, ఆకాశమున కంటు మేడలు లేపెను. 2008 లో అమెరికా బ్యాంకులు కూలగానే లోకమంతట అప్పు పుట్టుట మానెను. దుబాయిలో కట్టడములు ఆగెను. కొందరు కూలీలను కంపెనీలు ‘సెలవు’ పేర ఇండ్లకు పంపెను. మరల పిలువబడని సెలవు అది. సోనాపూర్ అని మనవారు పిలుచుకొను కూలీల బస్తీలో మంచములు ఖాళీ అయ్యెను. సోనాపూర్ అనగా బంగారు ఊరు.

2009 నవంబరు 25 న దుబాయి ప్రభుత్వపు సంస్థయైన ‘దుబాయి వరల్డ్’ సుమారు 2600 కోట్ల డాలర్ల అప్పు విషయమున ఆరు నెలల గడువు కావలెనని ఋణదాతలను కోరెను. లండను నుండి టోకియో వరకు వాటాల ధరలు జారెను. అప్పిచ్చినవానిలో బ్రిటిషు బ్యాంకులే ముఖ్యమైనవి. డిసెంబరు 14 న అబూదాబి 1000 కోట్ల డాలర్ల సాయముతో ముందునకు వచ్చెను. మూడు వారముల పిదప, 2010 జనవరి 4 న, లోకములో కెల్ల ఎత్తయిన 828 మీటర్ల గోపురమునకు ప్రారంభోత్సవము జరిగెను. అంతవరకు దాని పేరు బుర్జ్ దుబాయి. ఆ సాయంత్రము అది బుర్జ్ ఖలీఫా అయ్యెను. ఖలీఫా అప్పటి అబూదాబి పాలకుని పేరు. ఇరుగుపొరుగు రాజ్యములలో ఎవరిది పైచేయియో తెలుపుటకు వేరొక సంధిపత్రము అవసరము కాలేదు.

ఇంతలో భారత, ఎమిరేట్ల ప్రభుత్వముల నడుమ కూలీల విషయమై ఒడంబడిక లేకపోలేదు. 2006 లో ఒకటి జరిగెను. 2011 లో దానిని సవరించిరి. అందు పని ఒప్పందములు, వేతనముల ప్రస్తావన కలదు. మెట్‌పల్లి పల్లెలో వ్రాసియిచ్చిన ప్రామిసరీ నోటు ఊసు లేదు. ఏ దేశపు లెక్కలలోను ఆ బాకీ చేరదు. అది రాజ్యముల మధ్య సంబంధముల వలననే పుట్టినది. రాజ్యములు చర్చకు కూర్చున్నప్పుడు మాత్రము దానికి పీట లేదు.

2014 నుండి చమురు ధర పడిపోగా సౌదీలో మరల ఇదే జరిగెను. 2016 లో జెద్దాలో జీతములు లేక, తిండికి కటకటపడిన వేలాది భారతీయ కూలీలకు మన దౌత్య కార్యాలయము ఆహారము పంచెను. విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ అచ్చటికి పోయి సౌదీ అధికారులతో మాటలాడెను. తిరుగు ప్రయాణమునకు అనుమతులు దొరకెను. రావలసిన జీతముల కొరకు మాత్రము వారు కాగితములు దాఖలు చేసి వేచియుండవలసి వచ్చెను.

దుబాయి వరల్డ్ ఆరు నెలలు కోరిన గడువు ఏండ్లకు పెరిగెను. 2011 లో ఋణదాతలు క్రొత్త ఒప్పందముపై సంతకములు చేసిరి. 2015 లో కొంత అప్పునకు 2022 వరకు గడువు పొడిగించిరి. 2009 లో ‘సెలవు’ మీద ఇల్లు చేరినవానికి ఊరిలో అట్టి సమావేశ మెవ్వరును జరుపలేదు. నూటికి మూడు రూపాయల చొప్పున లక్ష అప్పునకు నెలకు మూడువేలు. ఏడాదికి ముప్పదియారు వేలు. ఆ మిత్తి కట్టుటకై అతడు మరల అప్పు తెచ్చి, ఈ మారు ఖతరు వీసా కొనెను.